కృష్ణ రెండు గట్ల మీద ఆరు బోర్డో సీసాలు

బందరు చూడనివాళ్లు బెజవాడలో ఉండరు. రేపల్లె బస్సు ఎక్కనివాళ్లూ తక్కువే. కాబట్టి ఆ ఊళ్ల గురించి మీకు కొత్తగా చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. కానీ ఒళ్లో ఫ్రెంచి వైను సీసా పెట్టుకుని, గుంటల రోడ్ల మీద దానికి కుదుపు తగలకుండా పసిబిడ్డలా పట్టుకుని, మూడు రోజులు డెల్టా అంతా తిరిగినవాళ్లు మీలో ఎవరూ ఉండరని నా నమ్మకం. ఉంటే వాళ్లకు నా సానుభూతి.

నా పేరు కరీముల్లా. వన్‌టౌన్‌లో అత్తరు కొట్టు నాది. తాత పెట్టాడు, నాన్న నిలబెట్టాడు, నేను కూర్చుని నడుపుతున్నాను. మా ఇంట్లో సారా చుక్క ముట్టిన మనిషి లేడు. అత్తరులో ఎవడైనా స్పిరిటు కలిపి తెస్తే మా నాన్న ఆ సీసా మురుక్కాలవలో వంపి, వాణ్ణి కూడా వంపినంత పని చేసేవాడు. అలాంటి ఇంటివాణ్ణి వైను పరీక్షించే యాత్రకు పిలిచిన ఘనుడు కోటేశ్వరరావు గారు.

ఆయనకు గన్నవరం దారిలో రైసుమిల్లు ఉంది. బందరు రోడ్డు మీద కొత్తగా హోటలు కడుతున్నారు. ఇరవై ఏళ్లుగా వాళ్లింట్లో పెళ్లయినా పేరంటమైనా పన్నీరూ అత్తరూ నా కొట్టు నుంచే వెళ్తాయి. మిల్లు యంత్రాలు చూసొస్తానని ఫ్రాన్సు వెళ్లిన మనిషి యంత్రాల సంగతి వదిలేసి, బోర్డో అనే ఊరి నుంచి ఆరు సీసాలు మోసుకొచ్చారు. ఆ ఊరి పక్కన నది ఉందట. నదికి ఎడమ గట్టున గులకరాళ్ల నేలట, కుడి గట్టున బంకమట్టి నేలట. ఎడమ గట్టు వైను తీరు వేరట, కుడి గట్టు వైను తీరు వేరట. అది విన్నప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. మనకూ కృష్ణ ఉంది, మనకూ రెండు గట్లున్నాయి. కుడి గట్టు సీసాలు మూడింటినీ మన కుడి గట్టునా, ఎడమ గట్టు సీసాలు మూడింటినీ మన ఎడమ గట్టునా తెరిచి, ఏ తిండికి ఏది కుదురుతుందో తేల్చి, హోటలు మెనూలో అచ్చు వేయించాలని ఆయన ఆలోచన. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అనలేదు.

“మీరు తాగొద్దండీ,” అన్నారు నాతో. “వాసన చూడండి, చాలు. ఇందులో ముప్పాతిక వంతు ముక్కుతోనే పనంట. బొంబాయి నుంచి నిపుణుణ్ణి పిలిపిస్తున్నాను. ఆయన చెప్పింది నిజమో కాదో పట్టుకోవాలంటే బెజవాడలో మీ ముక్కు తప్ప ఇంకేముందండీ?”

మా ఆవిడ రజియా షరతు పెట్టింది. “ముక్కు వరకే. పెదవి దాటిందా, మీరు ఈ గడప దాటక్కర్లేదు.”

నేను ఒప్పుకున్నది ఆయన పొగడ్తకు కాదు. ఇప్పుడు దాచి లాభం లేదు కాబట్టి చెప్తాను. అంతకు ముందు చలికాలం నాకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక నెల పైచిలుకు ఏ అత్తరు మూత తీసినా ఒకటే వాసన, ఏదో మాడుతున్నట్టు. మల్లె మాడింది, గులాబీ మాడింది, గంధం మాడింది. అన్నం, కూరల వాసన బాగానే తెలిసేది, సన్నని వాసనలే మాడిపోయేవి. ఆ నెలంతా ఎవరికీ చెప్పకుండా, సీసాల మీద చీటీలు చూసి అమ్మాను. తర్వాత దానంతట అదే సర్దుకుంది. కానీ భయం పోలేదు. వన్‌టౌన్‌లో నలుగురూ సీసా తెచ్చి “ఇది అసలుదేనా సాయిబు గారూ?” అని అడిగేది నా ముక్కును. అది పోతే కొట్టు పోవడం మాట అలా ఉంచి, నా మాటే పోతుంది. తెలిసినవాళ్ల మధ్య దాన్ని పరీక్షించుకునే ధైర్యం లేక, తెలియని వాసనల దగ్గర పరీక్షించుకుందామని బయల్దేరాను.

బయల్దేరే రోజు కోటేశ్వరరావు గారి తల్లి సీతారావమ్మ గారు వాకిట్లోకి వచ్చి, పెరుగన్నం మూటా మాగాయ సీసా నా చేతిలో పెట్టారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ పచ్చళ్లు ఆ వీధంతా పేరుపడ్డవి.

“నువ్వు వెళ్తున్నావు గనక నాకు నిశ్చింత కరీమూ,” అన్నారు. “ముక్కున్న మనిషివి. ఉన్నదున్నట్టు చెప్పు నాయనా వాడికి. నా మాట వినడు.”

అలాగేనమ్మా అన్నాను. అనడానికేముంది.

గన్నవరం

బొంబాయి నిపుణుడు ఖన్నా గారు హైదరాబాదు మీదుగా చిన్న విమానంలో దిగారు. జూన్ నెల మొదటి వారం, పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడుతోంది. ఆయన నల్లకోటు తొడుక్కుని, మెడకు టై బిగించుకుని ఉన్నారు. యాభైకి దగ్గరి వయసు, నున్నటి గడ్డం. పెట్టె నిండా దూదిలో చుట్టిన గాజు గ్లాసులు. అవి కాక ఒక స్టీలు పాత్ర. అదెందుకని అడిగితే, రుచి చూసి అందులో ఉమ్మడానికట.

ఆయనకు తెలుగు రాదు, కోటేశ్వరరావు గారికి హిందీ రాదు. మధ్యలో దుబాసీ పని నాకే పడింది. “నోట్లో పోసుకుని, నాలుగు పక్కలా తిప్పి, ఉమ్మేయాలంటున్నారండీ. మింగితే మత్తెక్కి తేడా తెలియదంట,” అని చెప్పాను.

కోటేశ్వరరావు గారు కంగారుపడ్డారు. “ఉమ్మడమేంటండీ? నోట్లో పెట్టిన పదార్థం ఉమ్మితే లక్ష్మి నిలుస్తుందా? ఆయన్ని ఉమ్ముకోమనండి. నేను మింగుతాను.”

అన్నమాట నిలబెట్టుకున్నారు. మూడు రోజులూ ఒకాయన ఉమ్ముతూ, ఒకాయన మింగుతూ, నేను వాసన చూస్తూ తిరిగాం. ముగ్గురం కలిస్తే ఒక్క తాగుబోతు కూడా తయారుకాలేదు. సగం తాగుబోతు కోటేశ్వరరావు గారే. మధ్యాహ్నం నుంచి వెనక సీట్లో గురక పెట్టేవారు. కారు నడిపే డ్రైవరు ఒక్కడే ఆ బండిలో పనికొచ్చే పని చేసినవాడు.

మంగళగిరి

బరాజు దాటితే కుడి గట్టు. హోటలు బల్లల మీదకు తెల్ల గుడ్డలు కావాలని ముందు మంగళగిరిలో నేతపని చేసే సాంబయ్య గారింటికి వెళ్లాం. వాకిట్లో మగ్గం ఆడుతోంది. వైను రంగు తెల్లగుడ్డ మీద పెట్టి చూడాలని ఖన్నా గారు అన్నారు గనక, మొదటి సీసా అక్కడే తెరవాలని కోటేశ్వరరావు గారు తీర్మానించారు. సాంబయ్య గారు ససేమిరా లోపల వద్దన్నారు. పక్కనున్న నూలు గోదాములో బల్ల వేయించారు.

సీసా నా ఒళ్లోనే వచ్చింది. బిరడా కొద్దిగా పైకి లేచి ఉంది. మూతి చుట్టూ ఏదో జిగురు. ఫ్రెంచివాళ్ల పనితనం ఇంతేనేమో అనుకుని చెయ్యి తుడుచుకున్నాను.

ఖన్నా గారు గ్లాసులో వేలెడు పోసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, కళ్లు మూసుకున్నారు. ఆ భక్తి నేను దర్గాలో కూడా చూడలేదు. కళ్లు తెరిచి మొదలుపెట్టారు. పొగాకు ఆకు అట. దేవదారు చెక్క అట. ఎండిన గులాబీ, కొత్త తోలు, వాన పడ్డ మట్టి అట. నేను తెలుగులోకి దించుతూ పోయాను. ఒక్కో వాసనా చెప్పగానే ఆయన నా మొహంలోకి చూసేవారు. అర్థమవుతోందా అని అడుగుతున్నట్టున్న ఆ చూపు నాకు ఒళ్లు మండించింది. వాన పడ్డ మట్టి వాసన సంగతి నాకు చెప్తున్నాడు, మా తాత మట్టి అత్తరు అమ్మి ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడని తెలియక.

నా వంతు వచ్చింది. గ్లాసు దగ్గరకు తీసుకున్నాను.

బెల్లం పాకం అడుగంటిన వాసన. అంతే. పొగాకు లేదు, గులాబీ లేదు, మట్టి లేదు.

మళ్లీ చూశాను. అదే మాడు. చలికాలం వచ్చిన మాడే తిరిగి వచ్చిందనుకున్నాను.

“ఏమంటారు సాయిబు గారూ? పొగాకేనా?” అని కోటేశ్వరరావు గారు అడిగారు.

నేను తలూపాను.

తెల్లగుడ్డ మీద నాలుగు చుక్కలు పోసి చూస్తున్న సాంబయ్య గారు నెమ్మదిగా అన్నారు. “ఇదేం ఎరుపండీ? అంచు తుప్పు పట్టింది. ఎండకి వెలిసిన అద్దకం ఇట్టాగే ఉంటది.”

ఖన్నా గారికి నేను చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, అది ముదిరిన వైను గొప్పతనం అన్నారు. నలభై ఏళ్లు రంగుల్లో చేతులు ముంచిన మనిషికి ఎరుపు నేర్పించి వచ్చాం. మరక పడ్డ గుడ్డను సాంబయ్య గారు మాకే అంటగట్టారు. అదొక్కటే ఆ పూట జరిగిన న్యాయం.

రేపల్లె

రేపల్లెలో మెస్సు భోజనం ఇరవై రూపాయలు. గోంగూర పప్పు, దోసకాయ కూర, గట్టి పెరుగు. అడిగినంత అన్నం. బెజవాడలో అదే డబ్బుకు నీళ్ల సాంబారు పోసి, రెండోసారి అన్నం అడిగితే మన వంక మొహం చిట్లించి చూస్తారు. ఇక్కడ వడ్డించే ఆవిడ మేం లేస్తుంటే “అప్పుడే అయిపోయిందా?” అని నొచ్చుకుంది.

రెండో సీసా కోసం లాడ్జి గదికి గోంగూర పప్పు విడిగా కట్టించుకుని వెళ్లాం. పప్పు ముద్ద ఒక బుగ్గన, వైను ఒక బుగ్గన పెట్టుకుని ఖన్నా గారు చాలాసేపు ఆలోచించారు. పులుపు వల్ల దీనిలోని రేగుపండు బయటికొస్తోందన్నారు. తర్వాత నీళ్లు అడిగారు. తర్వాత ఇంకా నీళ్లు అడిగారు. పండుమిరప కాయ ఒకటి పప్పులో దాక్కుని ఉందని అప్పుడు తెలిసింది. కోటేశ్వరరావు గారు మాత్రం రెండు గ్లాసులు మింగి, “పప్పుకు నెయ్యే నయమండీ,” అని మంచం మీద వాలారు. మూడు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన సత్యం అదొక్కటే.

నేను వాసన చూశాను. అదే మాడు పాకం. మంగళగిరి సీసాకూ దీనికీ ఇసుమంత తేడా లేదు. ఖన్నా గారికి మాత్రం ఇందులో చాక్లెట్టు, చుట్ట పొగ కనిపించాయి. నా వైపు చూశారు. తలూపాను.

జేబులో నా వట్టివేళ్ల అత్తరు సీసా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. మూత తీసి చూస్తే నా సంగతి ఆ క్షణంలోనే తేలిపోయేది. చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది. తీశాక అందులోనూ మాడు వాసనే వస్తే ఏం చేయాలి? యాభై ఎనిమిదేళ్లొచ్చాక కొత్త పని ఏం నేర్చుకోవాలి? నాకు భయం వేసింది. మూత తీయలేదు. నా ముక్కును పరీక్షిద్దామని బయల్దేరినవాణ్ణి, పరీక్ష చేతిలో ఉంచుకుని పారిపోయాను.

పెనుమూడి రేవు

అప్పటికి అక్కడ వంతెన లేదు. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీద కారును ఎక్కించి అవతలి గట్టుకు చేరవేసేవాళ్లు. మూడో సీసాను నట్టనడి నదిలో తెరవాలని కోటేశ్వరరావు గారికి వెలిగింది. అది కుడి గట్టు సీసా కదా, సగం దాటాక తెరిస్తే లెక్క తప్పదా అని అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించి, సగానికి పది బారల ముందే తెరిపించారు. చదవేస్తే ఉన్న మతి పోవడం విన్నాను. ప్రయాణం చేస్తే పోవడం అప్పుడు చూశాను.

పంటు మీద మాతో పాటు చేపల గంప పెట్టుకుని నాగమణి అనే ఆవిడ ఉంది. అవనిగడ్డలో అమ్మడానికి వెళ్తోంది. ఆ చేపలకూ ఈ వైనుకూ పొత్తు కుదురుతుందా అడగమని నన్ను ముందుకు తోశారు.

“ఏందది?” అంది ఆవిడ గ్లాసు చూసి.

“ద్రాక్షపండ్ల రసమమ్మా. ఫ్రాన్సుది.”

“సారా అని చెప్పండి. నేనేం పిల్లనా? మా ఊళ్లో సారా పాకలు మేమే పీకిచ్చాం. ఇప్పుడు మీరు గాజు గళాసుల్లో పోసుకుని, కోట్లు తొడుక్కుని వస్తే పేరు మారిద్దా?” ఆవిడ గంపను మా నుంచి రెండడుగులు అవతలికి జరుపుకుంది. “ఆయనెవరు, పళ్లు తోముకుంటన్నట్టు పుక్కిలించి ఊస్తన్నాడు? కృష్ణమ్మలో ఊయొద్దని చెప్పండి.”

ఆ చివరి మాట తు.చ. తప్పకుండా హిందీలో చెప్పాను. ఆ రోజు దుబాసీ పనిలో నాకు దొరికిన సుఖం అదే. ఖన్నా గారు పాత్ర తెచ్చుకున్నారు. మూడో సీసాలో ఆయనకు నది గాలి, అత్తిపండు దొరికాయి. నాకు మాడు పాకం. పక్కనే పచ్చి చేపల వాసన, తడి తాళ్ల వాసన, నల్ల బురద వాసన వచ్చి ముక్కుకు కొడుతుంటే, గ్లాసులోకి వంగగానే మాడు. నా జబ్బు నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను.

కూచిపూడి

ఎడమ గట్టుకు వచ్చాం గనక ఇక ఎడమ గట్టు సీసాలు. హోటలు ప్రారంభం రోజు నాట్యం ఏర్పాటు చేయించాలని కూచిపూడిలో ఒక నాట్యం మాస్టారి ఇంటికి వెళ్లాం. ఆయన అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చారు. కరివేపాకు, అల్లం, చిటికెడు ఉప్పు. ఆ మూడు రోజుల్లో నేను తాగినవాటిలో పేరు పెట్టదగ్గది ఆ మజ్జిగే. దాని గురించి ఎవరూ కళ్లు మూసుకోలేదు.

నాలుగో సీసా ఆ ఇంట్లో తెరవడానికి కోటేశ్వరరావు గారికే మొహం చెల్లలేదు. ఊరి చివర కారు ఆపి, అద్దాలు ఎత్తి, లోపల తెరిచాం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు, కారు అద్దాలు ఎత్తి వైను తాగితే పాలనేవాళ్లెవరు? బిరడా విరిగి సగం లోపల పడింది. ఖన్నా గారి టై మీద ఒలికింది. ఈ వైను నాలుక మీద నాట్యం చేస్తోందని ఆయన అన్నారు. ఊరి పేరు ఎవరో చెప్పి ఉంటారు.

“సాయిబు గారూ, ఇది ఎడమ గట్టుది గదా. కుడి గట్టు దానికీ దీనికీ తేడా మీకు తెలుస్తోందా?” అని కోటేశ్వరరావు గారు ఆశగా అడిగారు.

తేడా ఏమీ లేదు. నాలుగూ ఒక్క మూకుట్లో మాడినట్టే ఉన్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే, సరే మరి ఖన్నా గారికి వచ్చిన పొగాకూ గులాబీ మీకెందుకు రావడం లేదంటారు. ఆ ప్రశ్న బెజవాడ చేరుతుంది, వన్‌టౌన్ చేరుతుంది.

“చాలా తేడా ఉందండీ,” అన్నాను. ఈసారి తల ఊపడంతో సరిపెట్టలేదు. “ఇది కాస్త పొడిగా ఉంది.” పొడిగా అంటే ఏమిటో నాకూ తెలియదు. ఖన్నా గారు సంతోషంగా నా భుజం తట్టారు.

బందరు

బందరులో ఫ్రెంచిపేట ఉంది గదా, ఫ్రెంచి సీసా అక్కడ తెరవకపోతే ఎలా అన్నారు కోటేశ్వరరావు గారు. వెళ్లి చూస్తే అన్ని పేటల్లాంటి పేటే. మేకలు, కుట్టు మిషన్లు, బడి వదిలిన పిల్లలు. ఒక ముసలి దర్జీని ఫ్రెంచివాళ్ల గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాం.

“ఫ్రెంచివాళ్లా?” ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “ఎప్పుడో వెళ్లిపోయారండీ. ఏదన్నా పనుండి వచ్చారా?”

ఐదో సీసా అక్కడే కారు బానెట్టు మీద, బందరు లడ్డూతో జత చేసి తెరిచాం. లడ్డూ బాగుంది. సీసా మాడింది. ఖన్నా గారికి అందులో తేనె, బాదం కనిపించాయి. అవి లడ్డూలోవని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మూడో రోజు పొద్దున లాడ్జి వరండాలో ఆరో సీసా. సముద్రం వైపు నుంచి మబ్బులు కమ్ముతున్నాయి. ఇక ఇదొక్కటి అయిపోతే ఇల్లు చేరొచ్చని, చూడకుండానే తల ఊపడానికి సిద్ధపడి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నేరేడు పండు. పండి, నేల మీద రాలి చిట్లిన నేరేడు. దాని వెనక కొత్తగా చెక్కిన పెన్సిలు. ఇంకా వెనక వానకు తడిసిన ఇనుప ఊచ. ఒకదాని మీద ఒకటి, మంచి అత్తరులో లాగా, ఒకటి జరిగి ఇంకోదానికి చోటిస్తూ. మాడు లేదు. ఎక్కడా లేదు.

జేబులోంచి వట్టివేళ్ల సీసా తీసి మూత విప్పాను. వట్టివేళ్లే. వరండాలో అందరి ముందూ ఏడ్చేవాణ్ణే, ఆపుకున్నాను.

ఖన్నా గారు మాత్రం నుదురు ముడిచారు. పచ్చిగా ఉంది, దోషం ఉంది, మిగతా ఐదింటి పక్కన ఇది నిలబడదు అన్నారు. నా మొహంలోకి చూశారు. ఈసారి నేను తలూపలేదు.

“ఈ సీసా ఎక్కడిదండీ?” అని కోటేశ్వరరావు గారిని అడిగాను.

“అన్నీ ఒక్కచోటివే. కాకపోతే ఇది ఆఫీసు బీరువాలో చల్లగా ఉండిపోయింది. ఎండలో పెట్టడం మర్చిపోయా.”

“ఎండలోనా?”

“అవునండీ. వైను పక్వానికి రావడానికి ఏళ్లు పడతాయన్నారు అక్కడ. మనకంత టైమెక్కడిదండీ? మాగాయ ఎట్టా పక్వానికొస్తదీ? మూడు ఎండలు పడితేనే గదా నిలవుండేది. రోహిణి కార్తెలో మేడ మీద, మా అమ్మ మాగాయ చాప మీదే, ఐదు సీసాలూ మూడు ఎండలు పెట్టా. చూశారా, అవే బాగున్నాయంటున్నారు ఖన్నా గారు. ఇది పచ్చిదంట.”

రోహిణి ఎండలో బెజవాడ మేడ మీద మనిషిని పెడితే మనిషే మాడిపోతాడు. నా ముక్కు ఐదుసార్లకు ఐదుసార్లూ సరిగ్గా చెప్పింది. తుప్పంచు చూసిన సాంబయ్య గారు సరిగ్గా చెప్పారు. చెప్పనిదల్లా ఖన్నా గారూ నేనూ, ముక్కు పేరు చెప్పి వచ్చినవాళ్లం. ఖన్నా గారు ప్రతి మాటకీ నా మొహంలోకి ఎందుకు చూశారో నాకు అప్పుడు తెలిసింది. అది పొగరు కాదు. నేను తలూపుతానా లేదా అని. నేను ఊపినకొద్దీ ఆయన ఇంకొక పువ్వు పేరు చెప్పారు. ఆయన చెప్పినకొద్దీ నేను ఇంకొకసారి ఊపాను.

“నాకు ఇదే బాగుందండీ,” అన్నాను నెమ్మదిగా.

“మొన్నటి నుంచి అవి బాగున్నాయన్నారు. ఇప్పుడు ఇది బాగుందంటారు. అన్నీ బాగున్నాయంటే ఎట్టా సాయిబు గారూ?” అని నవ్వి, కోటేశ్వరరావు గారు ఆరో సీసాను పూలకుండీలో వంపేశారు. మూడు రోజుల్లో మాకు దొరికిన ఒక్క మంచి సీసా లాడ్జివాళ్ల క్రోటన్ మొక్కకు చెందింది. నేను మళ్లీ నోరు మూసుకున్నాను.

తిరిగి బెజవాడ

ఖన్నా గారిని గన్నవరంలో విమానం ఎక్కించాం. వెళ్లేముందు ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, మీలాంటి ముక్కు నేను చూడలేదన్నారు. ఆ మాటను తెలుగులోకి దించమని కోటేశ్వరరావు గారు అడిగారు. దించాను. అంత చేదు మాట నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి సీతారావమ్మ గారు వాకిట్లోనే చాప మీద కూర్చుని ఉన్నారు. కోటేశ్వరరావు గారు లోపల కాఫీ చెప్పి వచ్చి పక్కన నిలబడ్డారు.

“ఎట్టా ఉంది కరీమూ, ఆ ఎండబెట్టిన సరుకు?” అన్నారావిడ. “రెండో ఎండకే బిరడాలు పైకి లేచి చుట్టూ కారింది. వేలు పెట్టి వాసన చూశా. పాకం అడుగంటిన వాసన. ఇది మాగాయ కాదురా, తీసెయ్యరా అని చెప్పా. నీకేం తెలుసమ్మా అన్నాడు. పోనీలే, కరీం వెళ్తన్నాడు గదా, మొదటి సీసా దగ్గరే పట్టుకుంటాడులే అనుకున్నా. పట్టుకున్నావు గదా?”

“పట్టుకున్నానమ్మా,” అన్నాను.

“మరి వీడికి చెప్పావు గదా?”

ఆవిడ కళ్లలో అనుమానం లేదు. చెప్పే ఉంటానని ఆవిడకు తెలుసు. అందుకే అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పలేదన్నాను. మంగళగిరిలోనే మాడు వాసన వచ్చిందనీ, నా ముక్కు పోయిందని భయపడి ఖన్నా గారి మాటకు తలూపాననీ, ఐదుసార్లూ ఊపాననీ, చలికాలం జ్వరం సంగతీ, చీటీలు చూసి అమ్మిన నెల సంగతీ, అంతా చెప్పేశాను. కాఫీ వచ్చి, మధ్యలో చల్లారిపోయింది.

సీతారావమ్మ గారు పమిట చెంగుతో చాప మీది దుమ్ము దులిపారు, అక్కడ దుమ్మేమీ లేకపోయినా.

కోటేశ్వరరావు గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మర్యాద తప్పని మనిషి. మెల్లగా అడిగారు.

“మరి ఈ ఇరవై ఏళ్లూ మా ఇంటికి మీరు పంపిన అత్తర్లండీ? మా పిల్లల పెళ్లిళ్లకు?”

“అవన్నీ అసలువేనండీ,” అన్నాను. “వాటి దగ్గర ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.”

ఆయన నా మొహంలోకి చూసి, నమ్మినట్టే తలూపారు. మూడు రోజులూ నేను ఊపింది అచ్చం అలాగే.